పొగపైపు పట్టుకుని ప్రపంచం చుడితే!

నంద్యాల బజారులో నిలబడి "మంచి పైపు ఎక్కడ దొరుకుతాదన్నా?" అని అడిగి చూడండి. "ఎన్నించులది? బోరుకా, డ్రిప్పుకా?" అని ఎదురు ప్రశ్న ఖాయం. రాదా మరి, నంది పైపులు పుట్టిన ఊరు! ఆ కంపెనీ పెట్టిన ఎస్.పి.వై. రెడ్డి అంతకుముందు భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేశారని, 2004 నుంచి వరసగా మూడుసార్లు నంద్యాల ఎంపీగా గెలిచారని మీకు తెలుసా? అణువు నుంచి పైపుకు, పైపు నుంచి పార్లమెంటుకు! అయితే మనం ఇవాళ వెతకబోయేది నీళ్లొచ్చే పైపు కాదు, పొగొచ్చే పైపు.

విదేశాలకు వెళ్తే కొందరు కోటలు చూస్తారు, కొందరు చాక్లెట్లు కొంటారు. ఏ ఊరెళ్లినా ఆ ఊరి పైపు, ఆ ఊరి పొగాకు వెతుక్కునే జాతి ఇంకొకటి ఉంది. ఈ పిచ్చి మన దేశంలో ఎంత పాతదో మీకు తెలుసా? 400 ఏళ్ల నాటిది!

1604 ప్రాంతంలో అక్బరు కొలువు నుంచి అసద్ బేగ్ అనే ఆయన బీజాపూరుకు రాయబారం వెళ్లాడు. అక్కడ పొగాకు చూసి ముచ్చటపడి బోలెడంత కొన్నాడు. దానికి తగ్గ పైపూ చేయించాడు. గొట్టం మూడు మూరల పొడవు! అదెక్కడిది? సుమత్రా దీవిలోని ఆచే నుంచి వచ్చింది. రెండు కొసలా రత్నాలు, మీనా పని. నోట్లో పెట్టుకునే ముక్క యెమెన్ నుంచి తెచ్చిన ఎర్రరాయి. ఒక్క పైపులో మూడు దేశాలు! ఆగ్రా చేరాక అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడో లేదో, పక్కనున్న వైద్యుడు వద్దంటే వద్దన్నాడు. మొగల్ చక్రవర్తికే తప్పలేదు డాక్టరు గోల!

కొడుకు జహంగీరు 1617లో ఏకంగా పొగాకునే నిషేధించాడు. విన్నదెవరు? మీ వీధి చివరి బంకును అడగండి.

కవి పింగళి సూరన తన 'కళాపూర్ణోదయం' కావ్యాన్ని అంకితం ఇచ్చింది నంద్యాల కృష్ణరాజుకే కదా. ఆ రాజుగారు జన్మలో ఒక్క చుట్టయినా కాల్చి ఉండరని మీకు తెలుసా? ఆయనది 16వ శతాబ్దం, పొగాకు దక్కనులో ఇంకా పాతుకోని కాలం. అంత చిక్కటి కథను ఒక్క దమ్మయినా లాగకుండా విన్న రాజుకు జోహార్లు!

పొగాకు చుట్టాలెవరో మీకు తెలుసా? టమాటా, మిరప, వంకాయ, బంగాళాదుంప. అందరిదీ ఒకే కుటుంబం. ఇంట్లో చుట్ట మానిపించిన ఇల్లాలు రోజూ దాని బంధువులకే తాలింపు పెడుతోంది!

ఒక్క గ్రాము పొగాకు విత్తనంలో ఎన్ని గింజలుంటాయో మీకు తెలుసా? పదివేలకు పైగా! నారుమడి పోసేటప్పుడు పొరపాటున తుమ్మారో, పంట పక్కవాడి చేలో వస్తుంది.

నికోటిన్ ఆకులో పుట్టదు, వేళ్లలో పుట్టి ఆకుకు ఎక్కుతుంది. ఇదెందరికి తెలుసు?

సరే, మన ఊరి పొగాకు సంగతి. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. అక్కడ పత్తి, వరి, శనగలతో పాటు బీడీ పొగాకు మీద కూడా పరిశోధన చేస్తారని మీకు తెలుసా? వాళ్లిచ్చిన ఒక రకం పేరు 'నంద్యాల పొగాకు-1'. ఊరి పేరు ఇంటిపేరైపోయింది. ఇక అసద్ బేగ్ వారసులు నంద్యాలకొచ్చి "మీ ఊరి పొగాకేది?" అంటే తడుముకోనక్కర్లేదు. కాకపోతే ఇక్కడి ఆకు పైపెక్కదు, తునికాకులో దూరి బీడీ అవుతుంది. బీడీ కాల్చడానికి మూడు మూరల గొట్టం ఎందుకు దండగ!

ఇప్పుడు అసలు బాంబు. షెర్లాక్ హోమ్స్‌కు మన గోదావరి లంక చుట్ట తెలుసని మీకు తెలుసా? 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవల తీసి చూడండి. చుట్ట, సిగరెట్టు, పైపు పొగాకుల బూడిదల మీద హోమ్స్ ఒక పుస్తకమే రాశానంటాడు, అదీ 140 రకాలకు లెక్క కట్టి. హంతకుడు కాల్చింది ఇండియా 'లంకా' అని తేలితే చాలు, వెతకాల్సిన మనుషులు బాగా తగ్గిపోతారన్నది ఆయన ధీమా. ఆ లంకా ఏదనుకున్నారు? రావణుడిది కాదు, గోదావరి మధ్యలో వరద మేట వేసిన ఒండ్రు మీద పెరిగే లంక పొగాకు చుట్ట! లండన్‌లో బూడిద రాలితే మన గోదారి గట్టు మీద అనుమానం! అయినా ఆ బూడిద పట్టుకుని గోదావరి జిల్లాలకు వచ్చుంటే హోమ్స్‌కు ఊరికొక్క వెయ్యి మంది అనుమానితులు దొరికేవాళ్లు.

ఆ లంక పొగాకే ఓడలెక్కి బర్మాకు వెళ్లేది. కూలికి రంగూన్ పోయిన తెలుగువాడికి సొంతూరి వాసన అక్కడ కూడా గుప్పుమనేదన్నమాట.

మరి నిప్పు నోట్లో పెట్టుకుని పొగ తాగేవాళ్లున్నారని మీకు తెలుసా? ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు. వెలుగుతున్న కొస నోట్లో, చల్లటి కొస బయట! తాగేది ఎక్కువగా ఆడవాళ్లే. నోట్లో వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచారు. నీళ్లు మరిగేది నూటికే సుమా! డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్ బృందం మన వైద్యులతో కలిసి 10,169 మంది పల్లెజనం నోళ్లు తెరిపించి చూసి, 1971లో ఆ వివరాలు అచ్చు వేసింది. అంగిలి మీద మచ్చలు, పుళ్లు, కొందరికి క్యాన్సర్. ఇక్కడ మాత్రం నాకు జోకు రావడం లేదు. ఇదే అలవాటు పనామాలోనూ, ఇటలీ దగ్గరి సార్డీనియా దీవిలోనూ ఉండేదట. ఒకరినొకరు ఎన్నడూ చూడని అవ్వలకు ఒకే ఆలోచన ఎలా తట్టిందబ్బా?

సరే, మళ్లీ పైపుల వేటకు వద్దాం. మన ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో దేవుణ్ణి చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పని అది. టర్కీలోని ఎస్కిషెహిర్ శిల్పులు రాతిలో ఏం చెక్కుతారో మీకు తెలుసా? పైపులు! ఆ రాయి పేరు మీర్‌షామ్. తవ్వి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, కత్తితోనే చెక్కేయొచ్చు. ఎండాక నీళ్ల మీద తేలుతుంది. రాయి తేలడమేంటంటారా? రామాయణం విన్నవాళ్లు ఇలా అడక్కూడదు! కొత్తలో పాలలా తెల్లగా ఉండే పైపు, కాల్చేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. పాతబడేకొద్దీ ధర పలికే పైపు అది.

అసలు తమాషా వినండి. 1633లో ఆ దేశపు సుల్తాను నాలుగో మురాద్ పొగతాగితే మరణశిక్షే అన్నాడు. ఇవాళ ఎస్కిషెహిర్‌లో జోరుగా అమ్ముడయ్యే పైపు ఏ ఆకారంలో ఉంటుంది? తలపాగా కట్టిన సుల్తాను తలకాయలా! ఆ తలలో పొగాకు కూరి నిప్పంటిస్తారు. ఇంతకన్నా తీపి పగ ఎక్కడైనా విన్నారా?

మొక్కజొన్న పొత్తు తిన్నాక బెండు ఏం చేస్తారు? పొయ్యిలో వేస్తారు, లేదా గేదెకు పడేస్తారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, వాషింగ్టన్ అనే ఊళ్లో 1869 నుంచి ఆ బెండుతో పైపులు చేసి అమ్ముతున్నారని మీకు తెలుసా? పైగా బెండును దాదాపు రెండేళ్లు ఎండబెడతారు. అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ నోట్లో ఎప్పుడూ వేలాడిన పైపు అదే. మనం ఎన్ని జనరళ్ల పైపులు పొయ్యిలో తగలబెట్టామో!

ఫ్రాన్సులోని సెయింట్-క్లాడ్‌లో పైపు చేసేది ఒక పొద వేరు బుడిపెతో. మంటకు ఓర్చే కర్ర అది. బుడిపె పెరగడానికే దశాబ్దాలు, ఆపైన గంటల తరబడి ఉడకబెట్టడం, నెలల తరబడి ఆరబెట్టడం. కాలి బూడిదయ్యే ఆకు కోసం ఇంత తపస్సా!

లండన్‌లో పాత పైపు ఉచితంగా దొరుకుతుందని మీకు తెలుసా? థేమ్స్ నది ఒడ్డు బురదలో 400 ఏళ్ల నాటి మట్టి పైపు ముక్కలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. బాగా పాతవాటి గిన్నె మరీ బుల్లిది. అప్పట్లో పొగాకు అంత ఖరీదు మరి. కానీ బురదలో వెతకాలన్నా పర్మిటు కావాలి! దొరల ఊళ్లో ఉచితానికీ కాగితం తప్పదు.

ఐన్‌స్టీన్ పైపు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పీక దగ్గర కొరికి కొరికి బెజ్జం పడింది. విశ్వాన్ని నమిలిన పళ్లకు పైపు ఒక లెక్కా!

కొన్నారు సరే, ఇంటికి తేగలరా? మన కస్టమ్స్ నిబంధనల ప్రకారం సుంకం లేకుండా 100 సిగరెట్లు, లేదా 25 చుట్టలు, లేదా 125 గ్రాముల పొగాకు. ఏదో ఒకటే! ఆస్ట్రేలియా వెళ్తే 25 గ్రాములే. సింగపూరులో సున్నా: ఒక్క సిగరెట్టు ఉన్నా లెక్క చెప్పి సుంకం కట్టాలి. నమిలే పొగాకు అయితే లోపలికే రానివ్వరు. కొడుకును చూడ్డానికి సింగపూరు వెళ్లే పెద్దాయనలూ, పొగాకు కాడ ఇంట్లోనే పెట్టి బయల్దేరండి!

పైపు కాల్చడంలో ప్రపంచ పోటీలున్నాయని మీకు తెలుసా? వేగంగా కాల్చేవాడు గెలవడు, ఆరకుండా ఎక్కువసేపు కాల్చేవాడు గెలుస్తాడు. అందరికీ మూడే గ్రాముల పొగాకు, రెండే అగ్గిపుల్లలు, వెలిగించుకోడానికి ఒకే నిమిషం. మూడు గంటలు దాటించిన మొనగాళ్లున్నారు! మన రచ్చకట్ట పెద్దాయనల్ని ఎవరూ పిలవలేదు గానీ, పిలిస్తేనా? మొదటి పుల్లతోనే వెలిగించి, రెండోది చెవి సందున దోపుకుని, పొగాకులో సగం రేపటికని పంచె మడతలో దాచేసి, ఆట మధ్యలో పక్కవాడి నిప్పు అడిగి డిస్‌క్వాలిఫై అయిపోయేవాళ్లు!