డిమాండ్ చార్జీ - వేళలవారీ విద్యుత్ ధర

డిమాండ్ చార్జీ అనగా పరిశ్రమలు, పెద్ద వ్యాపార సంస్థలు తాము వాడిన యూనిట్ల వెలతో పాటు, నెలలో ఏదో ఒక సమయంలో లాగిన అత్యధిక విద్యుత్తును బట్టి చెల్లించే రుసుము. వాడిన వేళను బట్టి యూనిట్ ధర మారే పద్ధతి వేళలవారీ ధర. బిల్లుల్లో దీనిని టీఓడీ అని వ్రాస్తారు. రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు. మొదటిది ఎంత జోరుగా వాడారన్నది, రెండవది ఎప్పుడు వాడారన్నది చూస్తుంది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలకు విద్యుత్తును పంపిణీ చేసేది తిరుపతి కేంద్రంగా గల ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ధరలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

కారణం

వినియోగదారుడు అరగంట సేపే గరిష్ఠంగా వాడినా, ఆ అరగంటకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు, తీగలు, ఉత్పత్తి కేంద్రం ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండాలి. ఈ ఖర్చును యూనిట్ల ఖర్చు నుండి వేరు చేసి చూపాలని ఆంగ్ల ఇంజనీరు జాన్ హాప్కిన్‌సన్ 1892లో ప్రతిపాదించాడు. నేటి రెండు భాగాల బిల్లుకు మూలం అదే.

లెక్కించే విధానం

హెచ్.టి. మీటరు నెలలోని ప్రతి అరగంట వాడకాన్ని నమోదు చేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా వాడిన అరగంట అంకెను రెట్టింపు చేస్తే గరిష్ఠ డిమాండు కె.వి.ఎ.లలో వస్తుంది. ఈ డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం - వీటిలో ఏది ఎక్కువైతే దానిపై చార్జీ పడుతుంది. ఒప్పందాన్ని మించితే అదనపు భారం తప్పదు.

ప్రొద్దుటూరులో రెండు నూనె మిల్లులు ఉన్నాయనుకుందాం. రెండూ నెలకు 20,000 యూనిట్లే వాడతాయి. మొదటిది మోటార్లను ఒకదాని తరువాత ఒకటి నడిపి 100 కె.వి.ఎ. దాటదు, దాని ఒప్పందం 120. రెండవది అన్నిటినీ ఒకేసారి నడిపి 160కి చేరుతుంది, ఒప్పందమూ 160. 2023-24లో 11 కె.వి. పరిశ్రమలకు ఉన్న కె.వి.ఎ.కు రూ.475 చొప్పున మొదటి మిల్లు రూ.47,500, రెండవది రూ.76,000 కట్టాలి. పని ఒకటే, బిల్లులో తేడా రూ.28,500. మొదటి మిల్లు తన ఒప్పందాన్ని 200గా ఉంచుకొని ఉంటే, 80 శాతం నియమం వల్ల ఆ జాగ్రత్తంతా వృథా అయ్యేది. చాలామంది గమనించనిది ఈ సంగతే.

కె.వి.ఎ. అన్నమాటలోనూ మెలిక ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్నప్పుడు 80 కిలోవాట్ల మోటార్లు 100 కె.వి.ఎ. లాగుతాయి. సరైన కెపాసిటర్లు అమర్చుకుంటే అది 80కి దగ్గరపడుతుంది.

పత్తి జిన్నింగు వంటివి ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తాయి. మూసి ఉన్న నెలల్లో కూడా 80 శాతంపై కట్టవలసి వస్తే నిలదొక్కుకోవడం కష్టం. అందుకే రుతువారీ పరిశ్రమలుగా గుర్తింపు పొందినవారికి ఆ నెలల్లో తక్కువ పాలుపై లెక్కగట్టే సౌకర్యం ఉంది. దీనికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి.

వేళల మార్పు

పూర్వం చౌక వేళ అంటే రాత్రి 10 దాటిన తరువాతే. ముద్దనూరు సమీపంలోని రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం వంటివి రాత్రి వాడకం తగ్గినా పూర్తిగా ఆగలేవు. జమ్మలమడుగు ప్రక్కనే మైలవరం మండలంలోనూ, రాష్ట్రంలోని ఇతరచోట్లా సౌర పార్కులు వచ్చిన తరువాత మధ్యాహ్నం కూడా విద్యుత్తు సమృద్ధిగా దొరుకుతున్నది. 2022-23 ధరల ఉత్తర్వులో హెచ్.టి. పరిశ్రమలకు ఉదయం 6-10, సాయంత్రం 6-10 గంటలు ప్రియమైన వేళలు. ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3 వరకు, అర్ధరాత్రి నుండి ఉదయం 6 వరకు చౌక వేళలు.

కేంద్రప్రభుత్వం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు 10 కిలోవాట్లు మించిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుండి ఈ పద్ధతిని నిర్దేశించాయి. వాటి ప్రకారం సూర్యకాంతి వేళల ధర మామూలు ధరకంటే కనీసం 20 శాతం తక్కువగా, గరిష్ఠ వేళల ధర కనీసం 1.2 రెట్లుగా ఉండాలి.

అందరికీ ఇది ఒకే తీరున లాభించదు. నాపరాళ్ళ పాలిష్ యంత్రాలను మధ్యాహ్నానికి మార్చుకోవచ్చును. పులివెందులకు చేరువలోని తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారంవలె రాత్రింబవళ్ళు నడిచేవాటికి ఆ వీలు బహుస్వల్పం.