నీళ్లు దూరే తెప్ప, నీళ్లు దూరని బోటు

మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా నెల్లూరు తీరంలో ఏ పట్టపుపాళెంలో (జాలరుల పల్లెలో) ఆగినా ఇసుక మీద వరసగా కనిపించేవి ఫైబర్ బోట్లే. తెరచాప ఎత్తుకుని పోయే దుంగల తెప్పలు బాగా తగ్గిపోయాయి. 2004 డిసెంబరు 26 సునామీలో తెప్పలూ వలలూ పోగొట్టుకున్నవాళ్లకి ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ ఎక్కువగా ఫైబర్ బోట్లే ఇచ్చాయి. అంతకుముందే మొదలైన మార్పు దాంతో ఊపందుకుంది. పాతది పోయి మెరుగైనది వచ్చిందని అనుకోవడం తేలికే గానీ, అసలు ఈ రెండూ నీటి మీద నిలిచే పద్ధతే వేరు.

ముందు కలప సంగతి. కొయ్య తేలుతుందని మనకి తెలుసు. అయితే కొయ్యలోని గాలినంతా తీసేసి ఉత్త పీచు పదార్థాన్నే నీళ్లలో వేస్తే అది మునిగిపోతుంది, ఎందుకంటే దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు. దుంగని తేల్చేది దాని కణాల్లో చిక్కుకున్న గాలి. ఫైబర్ బోటు గోడ కూడా అంతే. గాజు పీచునీ రెసిన్‌నీ కలిపి చేసిన ఆ ముక్కని విడిగా పారేస్తే నేరుగా అడుక్కి పోతుంది. బోటుని తేల్చేది దాని బోలుతనం. రెండింటినీ మోసేది గాలే. తెప్ప ఆ గాలిని లక్షల గదుల్లో దాచుకుంటే, బోటు ఒకే పెద్ద గదిలో పెట్టుకుంటుంది. తక్కిన తేడాలన్నీ దీన్నుంచే పుడతాయి.

నీటి సాంద్రతలో సగమే ఉన్న కలపతో 400 కిలోల తెప్ప కట్టారనుకుందాం. మొత్తం మునిగితే అది 800 కిలోల నీటిని పక్కకి నెడుతుంది. అంటే మనుషులూ వలా చేపలూ కలిపి 400 కిలోలకి మించి మోయలేదు. వాడేకొద్దీ దుంగలు నీళ్లు పీలుస్తాయి. 100 కిలోల నీళ్లు తాగిన తెప్ప మోసేది 300 కిలోలే. వేట నుంచి రాగానే తాళ్లు విప్పేసి దుంగల్ని విడివిడిగా ఎండబెట్టేది అందుకే. ఊరికే సర్దిపెట్టడం కాదది, తెప్ప బలాన్ని తిరిగి నింపడం. విడి దుంగైతే ఇద్దరు ముగ్గురు భుజాన వేసుకుని పోతారు. ఫైబర్ బోటుని ఒడ్డుకి లాగాలంటే బోలెడుమంది పట్టాలి, లేదా ట్రాక్టరు రావాలి.

ఈ తీరంలో పడవకి అసలు పరీక్ష నడిసంద్రంలో ఉండదు, ఒడ్డు దగ్గరే ఉంటుంది. చాలాచోట్ల రేవనేదే లేదు, తెరిచి ఉన్న ఇసుక తీరమే. మీటరు ఎత్తు అల సుమారు 1.3 మీటర్ల లోతుకి రాగానే అడుగు భాగం నేలకి తగిలి వెనకబడుతుంది, పైభాగం ముందుకి దూకి విరుగుతుంది. ఆ విరిగే అల తెప్ప మీద పడితే దుంగల సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి. తోడాల్సిన పనే లేదు. తిరగబడినా మళ్లీ తిప్పి ఎక్కవచ్చు. బోటులో పడిన అల మాత్రం బోటులోనే ఉండిపోతుంది. ఫైబర్ బోట్లకి ముక్కు అంత పైకి లేపి కట్టడానికీ, ముందూ వెనకా మూసిన అరల్లో నురుగు లాంటి తేలిక పదార్థం నింపడానికీ కారణం అదే. చూడబోతే ఆ అరలు తెప్ప దగ్గర తీసుకున్న అప్పే.

అలాగని తెప్పని ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. దాని మీద కూర్చున్నవాడు నడుము దాకా తడుస్తాడు. చేపల్ని ఐసులో పెట్టుకునే చోటుండదు. ఎక్కువ వలలు వేసుకుని దూరం పోవడానికి కుదరదు. ఇంజనుతో పోయే బోటు వేటకి చేరేది త్వరగా, మోసేది ఎక్కువ, గాలి లేని రోజునా పనిచేస్తుంది. జీవనం కోసం వెళ్లేవాడు దాన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యమేముంది?

గాలి విషయంలో మాత్రం తెప్పది పెద్ద చదువే. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి ఇటు తిరుగుతుంది. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. అడ్డంగా వీచే గాలిలో కూడా మూడు మూలల తెరచాప పనిచేస్తుంది. వంగిన గుడ్డ మీదుగా పోయే గాలి దారి మళ్లుతుంది, ఆ మళ్లింపుకి ఎదురు బలమే పడవని లాగుతుంది. అయితే ఆ లాగుడులో ఎక్కువ భాగం పక్కకే ఉంటుంది. పక్కకి జారిపోకుండా దుంగల సందులోంచి ఒక పలకని నీళ్లలోకి దించుతారు. ఒడ్డు చేరేటప్పుడు పైకి లాగేస్తారు.

సముద్రాలు చుట్టివచ్చే నేటి తెరచాప నౌకల్లోనూ ఇదే సూత్రం. భారత నౌకాదళ నౌక తారిణి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు మహిళా అధికారులతో బయల్దేరి, కేప్ హార్న్ మీదుగా భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. వారిలో విశాఖకి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకి చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. అలాంటి నౌక అడుగున కిందికి సాగిన భాగం రెండు పనులు చేస్తుంది: పక్కకి జారనివ్వదు, తన బరువుతో ఒరిగిన నౌకని మళ్లీ నిలబెడుతుంది. తెప్ప పలకకి మొదటి పని చాలు. రెండో దానికి అంత లోతైన అడుగు కావాలి. దాంతో ఇసుక మీదికి ఎక్కడం కుదరదు.

తెరచాప పూర్తిగా పోలేదు. లోతు తక్కువైన పులికాట్ సరస్సులో, భీమునివారిపాళెం వైపు, చదునడుగు పడవలు ఇంకా చాపలెత్తుకుని తిరుగుతాయి. లోతు చాలని చోట గడ వేసి తోసుకుంటారు. సముద్రం వైపు మార్పు మరో దారిలో వస్తోంది. 2024లో ఇదే తీరాన జువ్వలదిన్నెలో చేపల రేవు ప్రారంభమైంది. రేవుంటే పడవని ఇసుక మీదికి లాగే పని ఉండదు, దాని అడుగు చదునుగానే ఉండాలన్న నియమమూ ఉండదు. రేవు లేని పాళేల్లో మాత్రం బోటు కట్టేవాడికి కొలత ఇప్పటికీ ఆ ఒడ్డున విరిగే అలే.