కొత్తవాళ్లని తరిమేస్తున్నది బాట్‌లా, రూల్సా?

ఫోన్ బూట్‌లూప్‌లో పడినా, కోడ్‌లో ఎర్రర్ వచ్చినా, కొత్త ప్రాసెసర్ గురించి తెలుసుకోవాలన్నా మనం ఎక్కడికి వెళ్తాం? ఎవరో జీతం లేకుండా రాసిపెట్టిన సమాచారం దగ్గరికే. వికీపీడియా, స్టాక్ ఓవర్‌ఫ్లో, టెలిగ్రామ్‌లోని కస్టమ్ రామ్ గ్రూపులు అన్నీ వాలంటీర్ల మీదే నడుస్తున్నాయి. వీటికి కొత్తవాళ్లు రావాలి, వచ్చినవాళ్లు నిలవాలి. నా లెక్కలో అసలు సమస్య ఆ రెండో దగ్గరే.

వికీపీడియాలో ఏం జరిగింది?

2007లో ఇంగ్లిష్ వికీపీడియాలో నెలకు కనీసం 5 ఎడిట్లు చేసేవాళ్లు 50 వేలు దాటారు. 2013కల్లా ఆ సంఖ్య 30 వేల దగ్గరికి పడిపోయింది. రాయాల్సినవన్నీ రాసేశారు కాబట్టే తగ్గారని అనుకోవచ్చు. కానీ ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన ఇంకో కారణం చూపించింది. మంచి ఉద్దేశంతో వచ్చే కొత్తవాళ్ల శాతం పెద్దగా తగ్గలేదు, వాళ్ల ఎడిట్లను తీసేయడం మాత్రం బాగా పెరిగింది. తొలి ప్రయత్నమే ఎగిరిపోయిన వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. పైగా పాతవాళ్లు రాసిన పాలసీలను కొత్తవాళ్లు మార్చడం కూడా కష్టమైపోయింది.

బాట్‌లను ఊరికే తిట్టలేం. 2010లో వచ్చిన క్లూబాట్ ఎన్‌జీ మెషీన్ లెర్నింగ్‌తో చెత్త ఎడిట్లను సెకన్లలో వెనక్కి తిప్పేస్తుంది. అది లేకపోతే ఆ పనంతా మనుషుల నెత్తిన పడేది. ఇబ్బంది ఎక్కడంటే, కావాలని బూతులు రాసినవాడికీ, సోర్స్ ఎలా ఇవ్వాలో తెలియని ఇంటర్ స్టూడెంట్‌కీ దాదాపు ఒకే తరహా రెడీమేడ్ వార్నింగ్ వెళ్తుంది. మొదటివాడు నవ్వుకుంటాడు. రెండోవాడు వెళ్లిపోతాడు.

రూలే తప్పు చేయిస్తే?

స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇతరుల పోస్టుల కింద కామెంట్ పెట్టాలంటే 50 రెప్యుటేషన్ పాయింట్లు కావాలి. కొత్తవాడికి ఒక జవాబులో చిన్న డౌట్ వచ్చిందనుకోండి. కామెంట్ పెట్టలేడు, ఆన్సర్ బాక్స్ మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ అడిగితే అది ఆన్సర్ కాదని డిలీట్ చేస్తారు. స్పామ్ ఆపడానికి పెట్టిన రూలే అతన్ని ఇంకో రూల్ దాటేలా నెట్టిందన్నమాట! తమ సైట్ కొత్తవాళ్లకి ఆత్మీయంగా లేదని 2018లో ఆ కంపెనీయే బ్లాగులో ఒప్పుకుంది. కొత్తవాళ్ల పోస్టుల పక్కన కనిపించేలా ఒక గుర్తు కూడా ఆ ఏడాదే తెచ్చింది.

బాట్ స్వాగతం కూడా చెప్పగలదు

2012లో వికీపీడియా టీహౌస్ అనే చోటు మొదలుపెట్టింది. కొత్తవాళ్లు ఏ డౌట్ అయినా అడగొచ్చు, అనుభవం ఉన్నవాళ్లు ఓపిగ్గా చెప్తారు. అక్కడికి రమ్మని ఆహ్వానాలు పంపేది హోస్ట్‌బాట్, అంటే మళ్లీ బాటే! ఆ ఆహ్వానం అందినవాళ్లు అందనివాళ్లకంటే ఎక్కువగా నిలిచారని తర్వాతి అధ్యయనంలో తేలింది. అంటే ఆటోమేషన్ దానంతట అది విలన్ కాదు. దానితో మనం ఏం చెప్పిస్తున్నామన్నదే ముఖ్యం.

మీరు ఏదైనా గ్రూప్‌కి అడ్మిన్ అయితే ఈరోజే మూడు పనులు చేయండి. మీ బాట్ పంపే వార్నింగ్‌ని కొత్త మెంబర్‌లా ఒకసారి చదవండి. "మ్యూట్ చేశాం" అనే ముక్కతో ఆపకుండా ఎందుకు చేశారో, ఇప్పుడు ఎవరిని అడగాలో ఒక లైన్ కలపండి. మొదటి తప్పుకే బ్యాన్ వేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి, స్పామ్ లింకులకు మాత్రం ఉంచండి.

ఇవాళ "లాగ్స్ ఎలా తీయాలి అన్నా?" అని అడిగినవాడే రెండేళ్ల తర్వాత మీ ఫోన్‌కి రామ్ పోర్ట్ చేయొచ్చు. వాడు ఉండాలా, వెళ్లాలా అన్నది బాట్ సెట్టింగ్స్ ఒక్కటే తేల్చేయకూడదు.