ఇల్లు ఖాళీ... పిల్లి మాత్రం అక్కడే!

బళ్లారి: పిల్లల పరీక్షలు అయిపోయి, ఎండ నలభై డిగ్రీలు దాటే వేళకు బళ్లారి వీధుల్లో సామాన్ల ఆటోలు కనిపిస్తాయి. బదిలీలు, కొత్త బడులు, పెరిగిన బాడుగలు... కారణం ఏదైనా మే, జూన్ నెలలు ఇళ్లు మారే కాలం. బీరువా ఎక్కుతుంది, మంచాలు ఎక్కుతాయి, తులసి కుండీ కూడా ఎక్కుతుంది. ప్రహరీ మీద కూర్చున్న పిల్లి మాత్రం ఎక్కదు. ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూస్తుంది. సాయంత్రం పాలు పోసే వేళకు అలవాటుగా వచ్చి తలుపు ముందు కూర్చుంటుంది. తలుపుకు తాళం!

గాంధీనగర్, సత్యనారాయణపేట, పటేల్‌నగర్, కౌల్‌బజార్... పేట ఏదైనా ఈ దృశ్యం కొత్తది కాదు. వీధి కుక్కల గురించి రోజూ పేపర్లో వార్త ఉంటుంది, కోర్టుల్లో కేసులు ఉంటాయి. పిల్లి అట్లా కాదు. వెంటపడదు, గుంపు కట్టి మొరగదు, బండి చక్రాల వెనక పరుగెత్తదు. అందుకే దాని సంగతి ఎవరికీ పట్టదు. ఉన్న గొడవంతా ఇరుగు పొరుగు మధ్యనే. ఒక గడపలో అన్నం పెడతారు, పక్క గడపలో చెంబుడు నీళ్లు చల్లుతారు. 'మీరు అన్నం పెట్టబట్టే కదమ్మా అవి మా మిద్దె మీద ఉచ్చ పోసేది' అని ఒకరు, 'నోరు లేని జీవాలు, ఏం చేసేదప్పా' అని ఇంకొకరు. మధ్యలో పిల్లి మళ్లీ పిల్లలు పెడుతుంది.

గవాక్షి పోయింది, గాదె పోయింది

మన పెద్దలకు పిల్లితో ఉన్న లెక్క వేరు. మట్టి మిద్దెకు వెలుతురు కోసం గవాక్షి పెట్టేవాళ్లు. ఆ కంతలోంచే పిల్లి రాకపోకలు. ఇంట్లో జొన్నల గాదె, గాదె చుట్టూ ఎలుకలు, ఎలుకల కోసం పిల్లి. దాన్ని ఎవరూ పెంచినట్టు కాదు, ఎవరూ తరిమినట్టూ కాదు. పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టుకుని తమ జాగ్రత్తలో తాము ఉండేవాళ్లు. పిల్లిని చంపితే మహాపాపమని అవ్వలు పిల్లలకు చెప్పేవాళ్లు. పొద్దున్నే ఎదురొస్తే మాత్రం రెండు నిమిషాలు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరేవాళ్లు, అది వేరే సంగతి!

ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న హంపిని తలచుకుంటే తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తుకురాక మానదు. ఎలుకల బాధ పోవాలని రాయలవారు ఇంటికో పిల్లినీ, దాన్ని సాకేందుకు ఆవునూ ఇచ్చారట. రామకృష్ణుడు కాగే పాలు పెట్టి, పిల్లి పాలను చూస్తేనే పారిపోయేలా చేశాడట. ఇది జనం చెప్పుకునే కథే తప్ప చరిత్ర కాదు. చిన్నప్పుడు అందరం విని నవ్వుకున్నదే. అందులో నవ్వు రాయలవారిది, కాలిన మూతి పిల్లిది.

బళ్లారిలో పిల్లిది రెండు భాషల కాపురం. మనం 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అంటే పక్కింటి కన్నడ అమ్మ 'బెక్కిగె చెల్లాట, ఇలిగె ప్రాణసంకట' అంటుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఊళ్లు పంచుకున్నారు గానీ సామెతను ఎవరూ పంచుకోలేదు, రెండు వైపులా అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు మట్టి మిద్దెలు పోయి స్లాబులు వచ్చాయి. కిటికీలకు గ్రిల్లు, గ్రిల్లుకు దోమల జాలీ. గాదె బదులు 25 కేజీల బియ్యం సంచి. ఎలుకలు కనిపిస్తే అంగట్లో మందు. అంటే పిల్లికి ఉన్న ఉద్యోగం పోయింది. ఆ మందుతో ఇంకో చిక్కుంది. విషం తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. అట్లాంటిది పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఎలుక కోసం పెట్టిన మందు ఆ దారిన పిల్లి కడుపులోకి పోతుంది.

కాగితం మీద పదిహేడు

'ఒక్క పిల్లే కదా అని ఊరుకుంటే ఏడాదికి వీధంతా పిల్లులే' అని విసుక్కునే వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆడపిల్లి ఐదారు నెలలకే ఎదకు వస్తుంది, కొన్ని నాలుగు నెలలకే వస్తాయి. చూలు రెండు నెలలు, రోజుల లెక్కన 63 నుంచి 65. కాన్పుకు నాలుగు పిల్లలు మామూలు. పాలిస్తూ ఉండగానే మళ్లీ చూలు కట్టగలదు.

లెక్క వేసి చూద్దాం. జనవరిలో చూలు కట్టిన పిల్లి మార్చిలో నాలుగు పెడుతుంది. ఆగస్టులో ఇంకో నాలుగు. మార్చి పిల్లల్లో రెండు ఆడవి అనుకుంటే సెప్టెంబరుకు అవి ఎదకు వస్తాయి, నవంబరుకు తలా నాలుగు. తల్లితో కలిపి డిసెంబరు నాటికి పదిహేడు! ఇది కాగితం మీద లెక్క. వీధిలో లెక్క వేరు. బండ్ల కింద పడేవి, కుక్కలకు చిక్కేవి, వానకు తడిసి జలుబు ముదిరి పోయేవి, వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో రాలిపోయేవి... పెద్దవయ్యేవి కొన్నే. ఆ వాంతులూ విరేచనాల జబ్బు ఒక పిల్లి నుంచి ఇంకోదానికి ఇట్టే అంటుకుంటుంది, ఈత మొత్తం పోవచ్చు. దానికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మళ్లీ మళ్లీ వేయించాలి. వీధి పిల్లికి ఆ టీకా వేయించేది ఎవరు?

పిల్లలు పెట్టిన తరువాత తల్లి వాటిని ఏడిళ్లు తిప్పుతుందని మన సామెత. ఏడు లెక్క సరిగ్గా ఉండకపోవచ్చు గానీ తిప్పడం నిజమే. చప్పుడైనా, మనిషి చేయి పడినా, కుక్క వాసన తగిలినా ఒక్కోదాన్ని మెడ పట్టుకుని ఇంకో చోటికి మారుస్తుంది. ఇక్కడే చాలామంది మంచి మనసుతోనే పొరపాటు చేస్తారు. మెట్ల కింద రెండు పిల్లలు కనిపించగానే తల్లి లేదనుకుని ఎత్తుకొస్తారు. పిల్లలు శుభ్రంగా, కడుపు నిండి, చప్పుడు లేకుండా పడుకుని ఉంటే తల్లి దగ్గర్లోనే ఉన్నట్టు. ఇంకో పిల్లను మార్చడానికి పోయి ఉంటుంది, లేదా తిండికి పోయి ఉంటుంది. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. ఆగకుండా అరుస్తూ, ఒళ్లు చల్లబడి ఉంటేనే చేయి వేయాలి.

'పిల్లి నమ్ముకునేది ఇంటినే' అనే సాకు

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని ఒక మాట ఉంది. ఇల్లు మారేటప్పుడు పిల్లిని వదిలేసే వాళ్లందరి నోటా ఇదే మాట. సగం నిజం కాబట్టే ఇది ఇంతకాలం చెల్లుబాటు అవుతోంది. పిల్లి తన చోటు వదలదన్నది నిజమే. కొత్త ఇంటికి తీసుకుపోయి మొదటి రోజే తలుపు తీస్తే పాత దారి వెతుక్కుంటూ పోతుంది. కానీ రెండు మూడు వారాలు బయటికి వదలకుండా ఒక గదిలో, దాని పాత గోనెపట్టా, పాత గిన్నెతో ఉంచితే కొత్త ఇల్లే దాని ఇల్లవుతుంది. మూడు వారాల ఓపికకు బదులు ఒక సామెత సరిపోతోంది మనకు.

మా వీధిలో ఒకసారి అట్లాగే ఒక కుటుంబం ఖాళీ చేసిపోయింది. బూడిదరంగు పిల్లి, మెడలో ఎర్ర రిబ్బను. వారం రోజులు ఆ గేటు దగ్గరే. ఎవరు అన్నం పెట్టినా తినలేదు, పొద్దుగూకితే కిటికీ దిమ్మె మీదికి ఎక్కి లోపలికి చూసేది. కొత్తగా బాడుగకు దిగినవాళ్లకు పిల్లులంటే పడదు. రిబ్బను ఎవరు తీశారో తెలియదు గానీ తరువాత అది కూడా మెడలో లేదు. అప్పటి నుంచి అది అందరి లెక్కలో వీధి పిల్లే.

ఈమధ్య పర్షియన్ పిల్లుల మోజు బయల్దేరింది. చప్పిడి మూతి, దూది లాంటి బొచ్చు, వేలల్లో ఖరీదు. రోజూ దువ్వకపోతే ఆ బొచ్చు ముద్దలు కడుతుంది, కింద చర్మం పుండు పడుతుంది. ముక్కు చప్పిడి కాబట్టి ఎండకు ఊపిరి ఆడదు. బళ్లారి ఎండల్లో దాన్ని రోడ్డు మీద వదిలితే ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పడానికి పశువైద్యుడు అక్కర్లేదు. ఎలుకను పట్టడం రాదు, గోడ దూకడం రాదు, కుక్కను చూసి పరుగెత్తాలనీ తెలియదు. వదిలినవాళ్లు మాత్రం 'ఎవరో ఒకరు తీసుకుంటారులే' అంటారు.

యాభై రూపాయల నేరం

ఇట్లా వదిలేయడం నేరమని ఎంతమందికి తెలుసు? జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. ఆకలికో దాహానికో గురవుతుందని తెలిసేలాంటి పరిస్థితిలో, సరైన కారణం లేకుండా జంతువును వదిలేస్తే 11వ సెక్షను కింద శిక్ష ఉంది. ఎంత? మొదటిసారి పది నుంచి యాభై రూపాయల జరిమానా! మూడేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే 25 నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పొద్దున హోటల్లో ఉగ్గాని బజ్జీ తిని టీ తాగితే అయ్యే ఖర్చు కన్నా ఒక ప్రాణాన్ని వీధిలో పడేసినందుకు కట్టేది ఎక్కువేం కాదు. 1960లో యాభై రూపాయలు పెద్ద మొత్తమే. అంకె మాత్రం అక్కడే ఆగిపోయింది.

చంపితే సంగతి వేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షను ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అవయవం పోగొట్టినా అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అన్నదాన్ని బట్టి శిక్ష మారేది. కొత్త చట్టంలో ఆ ధరల పట్టీ లేదు. మిద్దె మీద ఉచ్చ పోస్తున్నాయని అన్నంలో మందు కలిపే వాళ్లు ఈ సెక్షను అంకె గుర్తుపెట్టుకుంటే మంచిది.

2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఎక్కువ భాగం కుక్కల గురించే. అయినా యజమాని లేకుండా పేటలో పుట్టి పెరిగే జంతువును 'సముదాయ జంతువు' అని అందులో నిర్వచించారు. ఆ మాటలో పిల్లి కూడా ఇముడుతుంది. వాటికి తిండి పెట్టే చోటు, వేళ విషయంలో తగాదా పడకుండా ఏర్పాటు చేసుకోవాల్సింది కాలనీ సంఘం, అపార్టుమెంటు సంఘాలే అని అందులో ఉంది. ముంబయి నగర పాలక సంస్థ 2019లో పిల్లులకూ ఆపరేషన్లు మొదలుపెట్టింది. మన లాంటి ఊళ్లలో ఇంకా వీధి జంతువు అంటే కుక్కే.

సంచిలో కట్టి ఊరి బయట...

పిల్లుల బాధ పడలేక కొందరు చేసేది ఒకటుంది. గోనెసంచిలో వేసి, మూతి కట్టి, బండి మీద ఊరి బయటికి తీసుకుపోయి వదలడం. దీనివల్ల వదిలినవాళ్లకు కూడా లాభం లేదు. తిండి దొరికే చోటు ఖాళీగా ఉంటే పక్క వీధి పిల్లి నెల తిరక్కుండా వచ్చి చేరుతుంది. అది ఆడదైతే కథ మళ్లీ మొదటికే.

పనిచేసేది ఒక్కటే: పట్టడం, ఆపరేషన్ చేయించడం, పట్టిన చోటే వదలడం. గుర్తుగా చెవి కొస కొంచెం కత్తిరిస్తారు, అదే పిల్లిని మళ్లీ పట్టకుండా. మచ్చిక లేని పిల్లిని చేత్తో పట్టరాదు. గోరు దిగిందంటే చేయి వాస్తుంది. ఎలుకల బోను లాంటిదే పెద్ద సైజులో దొరుకుతుంది. రెండు మూడు రోజులు తలుపు మూయకుండా అందులోనే తిండి పెడితే అలవాటు పడుతుంది. పట్టే ముందు పొట్ట కింద చూడాలి. పాలిండ్లు నిండుగా ఉంటే ఎక్కడో పిల్లలు ఉన్నట్టు, వాటికి పాలు మరిచే వయసు వచ్చేదాకా ఆగాలి. పశువుల ఆసుపత్రికి పోయే ముందు, అక్కడ పిల్లులకు ఆపరేషన్ చేస్తారా, ఏ రోజు చేస్తారు, ఎన్ని గంటలు పస్తు ఉంచాలి అని ముందే అడిగి పోవడం మేలు. అన్ని చోట్లా చేయరు. ఖర్చు వీధిలో నలుగురూ తలా ఇంత వేసుకుంటే తేలిపోతుంది. వినాయకచవితికి చందాలు వేసుకునే వీధులే కదా ఇవి!

గండు పిల్లికి ఆపరేషన్ ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. రాత్రి పూట పసిపిల్లల ఏడుపులాంటి ఆ అరుపులు, కొట్లాటలు, గోడల మీద ఘాటు వాసన... వీటిలో ఎక్కువ భాగం గండు పిల్లులదే. ఆపరేషన్ తరువాత అవి బాగా తగ్గుతాయి. అన్నం పెట్టేవాళ్లకూ పెట్టొద్దనేవాళ్లకూ రాజీ కుదిరే చోటు ఇదే.

పెట్టేవాళ్లకు రెండు మాటలు. పిల్లికి పాలు ఇష్టమే గానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నెడు మంచినీళ్లు మేలు, ఎండాకాలంలో మరీ. జ్వరం వచ్చినట్టుందని మన పారాసిటమాల్ మాత్ర చిదిమి పెట్టొద్దు. ఒక్క మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోతుంది. కుక్కల పిడుదులకు పూసే కొన్ని మందులూ అంతే. తిండి ఒకే వేళకు, ఒకే చోట, బండ్లు తిరగని మూల పెట్టి అరగంటలో గిన్నె తీసేస్తే చీమలూ రావు, పొరుగింటి వాళ్ల తిట్లూ రావు.

పిల్లి గీరినా కరిచినా తేలిగ్గా తీసుకోవద్దు. పిచ్చికుక్క జబ్బు పిల్లి ద్వారా కూడా వస్తుంది. పసుపూ సున్నమూ పెట్టకుండా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. ఒక్క సూదితో అయిపోదు, చీటీలో రాసిన తేదీలన్నీ పోవాల్సిందే.