తప్పు నెట్‌వర్క్‌దా, అప్లికేషన్‌దా?

ఆరోగ్య బీమా నమోదు కోసం అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబర్ 1న హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైట్‌ను తెరిచింది. జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. రెండు నెలల్లో అదే సైట్‌ను గాడిలో పెట్టారు. ఎలా పెట్టారన్నది ఐటీ ఉద్యోగులందరూ తెలుసుకోవాల్సిన కథ.

యాభైకి పైగా కాంట్రాక్టు సంస్థలు ఆ సైట్‌కు పనిచేశాయి. ఎవరి ముక్క వారు కట్టారు. అక్టోబర్ 24న కాంగ్రెస్ కమిటీ నిలదీస్తే, ప్రధాన కాంట్రాక్టర్లు నెపాన్ని మరొకరి మీదకు నెట్టారు. తిలా పాపం తలా పిడికెడు. సైట్ మొత్తం ఎలా నడుస్తోందో ఒక్కచోట చూపించే తెర కూడా ఎవరి దగ్గరా లేదు.

ఆ నెలలోనే సైట్‌ను సరిదిద్దే బాధ్యతను మాజీ ప్రభుత్వ అధికారి జెఫ్ జైంట్స్‌కు అప్పగించారు. గూగుల్‌లో పనిచేస్తున్న మైకీ డికర్సన్ లాంటి ఇంజనీర్లు వచ్చి చేరారు. మేరీల్యాండ్‌లోని కొలంబియాలో అన్ని సంస్థల వాళ్లనూ ఒకే గదిలోకి తెచ్చి, రోజూ ఉదయం, సాయంత్రం సమావేశాలు పెట్టారు. డికర్సన్ పెట్టిన నియమాలు మూడే. ఈ గదిలో సమస్య గురించే మాట్లాడాలి, నిందలకు వేరే చోట్లున్నాయి. పెద్ద హోదా ఉన్నవారు కాకుండా విషయం ఎక్కువ తెలిసినవారు మాట్లాడాలి. రానున్న ఒకటి రెండు రోజుల్లో ముంచేదేదో దాని మీదే దృష్టి పెట్టాలి. వీటిలో రెండోది అమలు చేయడం అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. మేనేజర్ కూర్చున్న కాల్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నోరు విప్పడం ఎంత అరుదో ఆఫీసుల్లో పనిచేసేవారికి తెలుసు.

ఆ గదిలో బయటపడినవి చూడండి. పదే పదే అవసరమయ్యే సమాచారం కోసం సైట్ ప్రతిసారీ డేటాబేస్‌ దగ్గరికి పరుగెత్తేది. దాన్ని క్యాష్‌లో దాచి ఇవ్వడం మొదలుపెట్టగానే పేజీలు వేగం అందుకున్నాయి. ఇది అప్లికేషన్ లోపం. అక్టోబర్ 27న మాత్రం డేటా సెంటర్‌లో నెట్‌వర్క్ తెగిపోయి సేవలు ఆగిపోయాయి. కోడ్ రాసేవారు ఆ రోజు ఎంత కష్టపడినా లాభం ఉండేది కాదు. ఒకే నెలలో రెండు రకాల జబ్బులూ వచ్చాయి కాబట్టే రెండూ తెలిసినవారు పక్కపక్కనే ఉండాల్సి వచ్చింది.

ఏ జబ్బో తేల్చడానికి వాదన అక్కర్లేదు, కొలత చాలు. వైర్‌షార్క్ లాంటి ఉపకరణంతో యూజర్ కంప్యూటర్ దగ్గర ప్యాకెట్లను పట్టి చూస్తే, కనెక్షన్ కోసం పంపిన మొదటి ప్యాకెట్‌కు జవాబు ఎంతసేపట్లో వచ్చిందో తెలుస్తుంది. అది నెట్‌వర్క్ మీద రాకపోకలకు పట్టే సమయం, ఉదాహరణకు 30 మిల్లీసెకన్లు. ఆ తర్వాత పేజీ అడిగితే, అడిగింది అందినట్టు సర్వర్ నుంచి రసీదు వెంటనే వచ్చి, అసలు జవాబు మాత్రం 4 సెకన్లకు వచ్చిందనుకోండి. ఆ ఆలస్యం సర్వర్ వైపుది. అక్కడి నుంచి డేటాబేస్ తెలిసినవారు అందుకుంటారు. పంపిన ప్యాకెట్లనే మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంటే మాత్రం దారిలోనే చూడాలి. అందరి ముందూ ఒకే తెర మీద ఈ అంకెలు పెడితే సగం గొడవ అక్కడికక్కడే తీరిపోతుంది.

అందుకే ఇలాంటి సమస్యలను ఛేదించే బృందంలో ప్యాకెట్లు చదవగలిగినవారు, కోడ్ తెలిసినవారు, డేటాబేస్ చూసేవారితో పాటు యూజర్ల ఫిర్యాదులు రోజూ వినే హెల్ప్‌డెస్క్ మనిషి కూడా ఉండాలి. ఏ సమయానికి ఏం మార్చారో రాసిపెట్టే మనిషి మరొకరు కావాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, ఏది పనిచేసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నవంబర్ ఆఖరుకు హెల్త్‌కేర్.గవ్ పేజీ తెరుచుకునే సమయం 8 సెకన్ల నుంచి ఒక సెకనులోపుకు దిగింది. ఒకేసారి 50 వేల మందిని తట్టుకోగల స్థాయికి సైట్ చేరిందని డిసెంబర్ 1న ప్రభుత్వం ప్రకటించింది.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో ఇలాంటి కాల్స్ నడిపే టీమ్ లీడర్లకు ఒక విన్నపం. సర్వర్లు కుప్పకూలాక మనుషుల కోసం వెతకకండి. అంతా సవ్యంగా ఉన్న ఈ వారమే బృందంలో ఎవరెవరుండాలో పేర్లు ఖరారు చేయండి, వాళ్లందరికీ ఒకే తెర చూసే అనుమతి ఇప్పించండి.