ఒక్క చుట్టు

1992 నవంబరు 15వ తేదీన, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి దక్షిణాన ఉన్న పందెపు మైదానంలో ఆ సంవత్సరపు ఆఖరి స్టాక్ కార్ పందెం జరిగింది. అందులో మొదటివాడుగా వచ్చినది బిల్ ఎలియట్. కాని ఆ సంవత్సరపు ఛాంపియన్‌గా నిలిచినవాడు రెండవ స్థానంలో వచ్చిన ఆలన్ కుల్‌విక్కీ. ఇద్దరికీ తేడా పది పాయింట్లు. ఆ పది పాయింట్లను నిలబెట్టినది ఒకే ఒక్క చుట్టు. ఈ క్రీడను చిరకాలంగా అనుసరిస్తున్న అభిమానిని, అన్నిటికన్న గొప్ప సీజను ఏదని అడిగితే, తడుముకోకుండా చెప్పే సంవత్సరం సాధారణంగా ఇదే.

స్టాక్ అంటే దుకాణంలో నిలువ ఉన్న సరుకు. అంగడిలో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారుతోనే పందెం వేయాలన్నది 1948లో నాస్కార్ సంస్థ ఏర్పడిన కాలంనాటి ఊహ. 1992 నాటికి ఆ ఊహలో పైరూపు మాత్రమే మిగిలింది. ముందు భాగాన ఫోర్డ్ థండర్‌బర్డ్ అన్న పేరు ఉన్నా, లోపల ఉన్నదంతా ఉక్కు గొట్టాల చట్రమూ, పందెం కోసమే తయారైన ఇంజనూ. అయినా తాను ఇంటిముందు నిలుపుకొనే కారు పేరే మైదానంలోనూ వినిపించడం అమెరికాలోని సామాన్య ప్రేక్షకునికి ఒక బంధుత్వంలా తోచేది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో డేటోనాలో మొదలై 29 పందేలు జరిగాయి. గెలిచినవానికి 175 పాయింట్లు, రెండవవానికి 170, మూడవవానికి 165, ఇలా వరుసగా తగ్గుతూ పోతాయి. పందెంలో ఒక్క చుట్టైనా అందరికన్న ముందున్నవానికి అదనంగా ఐదు; అందరికన్న ఎక్కువ చుట్లు ముందున్నవానికి మరో ఐదు. 1975లో వచ్చిన ఈ పద్ధతి 2003 దాకా సాగింది. మెరుపులా ఒకరోజు గెలిచి మరునాడు చతికిలబడేవానికన్న, ప్రతివారమూ పందెం పూర్తిచేసేవానికి ఇది మేలు చేసేది. ఈ లెక్క పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

డేటోనాలో గెలిచిన డేవీ అల్లిసన్ ఆ సంవత్సరం పడిన పాట్లు మరొకడైతే పడలేడు. మే నెలలో షార్లెట్‌లో గమ్యరేఖ దాటుతూనే గోడకు గుద్దుకొని, గెలిచిన పందెం నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. జూలైలో పోకోనో మైదానంలో అతని కారు పదిసార్లకు పైగా పల్టీలు కొట్టింది. చేయి విరిగింది. మరుసటి పందెంలో ఆ కట్టుతోనే కూర్చొని మొదలుపెట్టి, తరువాత స్టీరింగు మరొకరికి అప్పగించాడు. ఆగస్టులో మిషిగన్‌లో అభ్యాసం చేస్తుండగా అతని తమ్ముడు క్లిఫర్డ్ మరణించాడు. అన్నిటినీ దిగమింగుకొని, ఆఖరి పందేనికి 30 పాయింట్ల ఆధిక్యంతో వచ్చాడు.

రెండవవాడు ఎలియట్. 1988లోనే ఛాంపియన్, ధనబలమూ అనుభవమూ గల జూనియర్ జాన్సన్ బృందానికి డ్రైవరు. మార్చిలో వరుసగా నాలుగు పందేలు గెలిచాడు. సెప్టెంబరులో డోవర్ పందెం ముగిసి, ఇంకా ఆరు మిగిలి ఉండగా 154 పాయింట్లు ముందున్నాడు. ఆ తరువాత వారం వారం ఏదో ఒక దురదృష్టం అతని కారును వెంటాడింది.

అదే డోవర్‌లో కారు దెబ్బతిని 34వ స్థానంలో మిగిలిన కుల్‌విక్కీ, ఎలియట్‌కు 278 పాయింట్లు వెనుకబడ్డాడు. ఇక ఆశ లేదని అందరూ అనుకున్నారు. స్టాక్ కార్ పందేలకు పుట్టినిల్లు అమెరికా దక్షిణ ప్రాంతం. ఇతడు ఉత్తరాన విస్కాన్సిన్‌లో పుట్టిన పోలిష్ సంతతివాడు, మెకానికల్ ఇంజనీరింగు పట్టభద్రుడు. కారు నడిపేది తానే, బృందానికి యజమానీ తానే. జూనియర్ జాన్సన్ తన బృందంలో చేరమని పెద్దమొత్తం చూపితే కాదన్నాడు. 1991 సీజను ఆరంభంలో ప్రకటనదారు ఎవరూ లేకుండానే కారు దించాడు. పెద్ద సంస్థల నడుమ తానెంతటివాడో తెలిసినవాడు గనుకనే, ఆ చివరి పందెంలో ఫోర్డ్ సంస్థ అనుమతితో కారు ముందున్న థండర్‌బర్డ్ అన్న పేరులోని మొదటి రెండు అక్షరాలు తీసివేయించాడు. మిగిలిన ‘అండర్‌బర్డ్’ అన్న మాటలో, బలహీనుడనే అర్థం ఇచ్చే ‘అండర్‌డాగ్’ ధ్వనిస్తుంది. ఇంత గంభీరమైన మనిషికి ఇంతటి చమత్కారం ఎక్కడిదా అనిపిస్తుంది.

ఆరోజు ఛాంపియన్ కాగల అవకాశం లెక్కప్రకారం ఆరుగురికి ఉంది. అల్లిసన్ మొదటి ఐదుగురిలో ఉంటే చాలు, ఎవరేం చేసినా కిరీటం అతనిదే. 328 చుట్ల పందెంలో 254వ చుట్టున ఎర్నీ ఇర్వన్ కారు అదుపుతప్పి అడ్డం తిరిగింది. వెనుక వస్తున్న అల్లిసన్ దానిని తప్పించుకోలేకపోయాడు. ఏడాది పొడుగునా మృత్యువుకు ఎదురు నిలిచినవాని ఆశ మరొకరి కారు తాకిడికి ముగిసింది.

మిగిలినది ఇద్దరు. కుల్‌విక్కీ కారులో మొదటి గేరు అప్పటికే విరిగిపోయింది. పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ తిరిగి కదలడమే కష్టం. అయినా అతడూ, అతని మనుషులూ లెక్క తప్పలేదు. ఎలియట్‌ను పందెంలో ఓడించడం వారి ధ్యేయం కాదు. అందరికన్న ఎక్కువ చుట్లు ముందుండి ఆ ఐదు పాయింట్లు చేజిక్కించుకుంటే, ఆపైన రెండవ స్థానం చాలు. అందుకే పెట్రోలు కోసం ఆగడాన్ని చివరిదాకా వాయిదా వేశారు. పందెం ముగిసేసరికి ముందున్న చుట్లు కుల్‌విక్కీకి 103, ఎలియట్‌కు 102. గెలిచినందుకు ఎలియట్‌కు 180 పాయింట్లు వస్తే, రెండవవాడైన కుల్‌విక్కీకీ 180 వచ్చాయి. మొదలైనప్పటి పది పాయింట్ల తేడా అలాగే నిలిచింది. ఆ ఒక్క చుట్టు చేతులు మారి ఉంటే ఇద్దరి మొత్తమూ 4073 అయ్యేది. అప్పుడు ఎక్కువ పందేలు గెలిచిన ఎలియట్ ఛాంపియన్.

ఏడు ఛాంపియన్‌షిప్పులు, 200 విజయాలు గడించిన రిచర్డ్ పెట్టీకి ఆ పందెం చివరిది. తరువాత నాలుగుసార్లు ఛాంపియన్ కానున్న జెఫ్ గోర్డన్‌కు అదే మొదటిది. ఒక యుగం వాకిట నిలబడి మరొక యుగానికి దారి ఇచ్చినట్లయింది.

అభిమాని వాదన ఇక్కడ మొదలవుతుంది. ఆనాటి ఉత్కంఠను ఎవరూ వండి వడ్డించలేదు, పది నెలల శ్రమ తనంతట తానే ఆ ఆఖరి గంటకు చేరింది, అదీ దాని గొప్పదనం అంటాడతడు. వాదన బలమైనదే. కాని ఎలియట్, అల్లిసన్ చెరి ఐదు పందేలు గెలిస్తే, కుల్‌విక్కీ గెలిచినవి రెండే. గెలుపును చిన్నబుచ్చే లెక్క ఇదేమి లెక్కని ఆనాడే ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న 2003లో పెద్దదైంది. అదే పద్ధతిలో మాట్ కెన్సెత్ ఒక్క విజయంతో ఛాంపియన్ అయ్యాడు. ఎనిమిది గెలిచిన రయన్ న్యూమన్ ఆరవవాడు. 1992ను వేనోళ్ళ పొగిడే అభిమాని 2003 మాట వచ్చేసరికి కాస్త నసుగుతాడు. నిజానికి రెండూ ఒకే చెట్టు కాయలు.

2004 నుంచి నాస్కార్ చివరి పది పందేలను వేరుచేసి, ముందున్న పదిమంది నడుమ పాయింట్లు దాదాపు సరిచేసి పోటీ పెట్టింది. 2014లో మరొక అడుగు వేసి, ఆఖరి పందెంలో నలుగురిని మిగిల్చి, వారిలో ముందు వచ్చినవాడే ఛాంపియన్ అన్నది. అట్లాంటా సాయంత్రాన్ని ప్రతి ఏడాదీ తయారుచేయాలన్న ఆశ అది. 2025 నవంబరులో ఫీనిక్స్‌లో దాని ఫలితం తెలిసింది. జీవితంలో 60 పందేలు గెలిచినా ఛాంపియన్ కాని డెనీ హామ్లిన్ ఆరోజు 208 చుట్లు ముందున్నాడు. ఇక మూడు చుట్లు ఉన్నాయనగా మరొకరి టైరు దెబ్బతిని పసుపు జెండా ఊపారు. హామ్లిన్ నాలుగు టైర్లు మార్చుకోగా, రెండే మార్చుకొని ముందు బయటపడిన కైల్ లార్సన్, ఒక్క చుట్టైనా ఆధిక్యంలో లేకుండానే, ఛాంపియన్ అయ్యాడు. లార్సన్ తప్పేమీ లేదు. కాని కుల్‌విక్కీ ఐదు పాయింట్లకోసం చుట్లు లెక్కించుకున్న మైదానానికీ, ముందున్న చుట్లకు విలువే లేని ఈ మైదానానికీ ఎంత దూరం! 2026 జనవరిలో నాస్కార్ ఆ పద్ధతిని విడిచి, చివరి పది పందేల పాయింట్లను కలిపి లెక్కించే పాత విధానానికి మరలుతున్నట్లు ప్రకటించింది.

1992 ప్రస్తావన వచ్చినప్పుడు అభిమాని స్వరం తగ్గడానికి మరొక కారణం ఉంది. 1993 ఏప్రిల్ 1న బ్రిస్టల్ పందేనికి వెళ్తూ, టెనెసీలో జరిగిన విమాన ప్రమాదంలో కుల్‌విక్కీ మరణించాడు. ఛాంపియన్ అయి అయిదు నెలలైనా కాలేదు. జూలైలో టలడేగా మైదానంలో హెలికాప్టరు కూలి డేవీ అల్లిసన్ కన్నుమూశాడు. కుల్‌విక్కీ పోయిన మరునాడు, వాన కురుస్తుండగా, అతని పందెపు కారును మోసుకొచ్చే ట్రక్కు ముందు భాగాన నల్లని పుష్పచక్రం కట్టుకొని, బ్రిస్టల్ మైదానం చుట్టూ మెల్లగా తిరిగి, ద్వారం దాటి ఇంటిదారి పట్టింది.