ఊపిరితిత్తుల చుట్టూ నీరు: నీడ చెప్పేదెంత?

ఇంటిలో ఎవరికైనా ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళ్లివస్తే, "ఊపిరితిత్తులకు నీరు పట్టిందట" అని చెప్పుకోవడం మనకు పరిపాటి. ఆ మాట వినగానే పెద్దలు క్షయ అనే తలుస్తారు. మన దేశంలో ఆ అనుమానం నిరాధారమైనది కాదు. కాని అదే నీరు కాన్సర్ వలన కూడ చేరవచ్చును. ఈ భేదాన్ని వైద్య చిత్రణ సాధనాలు ఎంతవరకు తెలుపగలవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను, జంతుశాస్త్రం చదువుకొన్నవాణ్ణి. మా ఇంటిలో జరిగిన ఒక సంఘటన నన్ను ఈ విషయం వైపు మళ్లించింది.

మా మేనత్తకు రొమ్ము కాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన ఆరేళ్లకు ఆయాసం మొదలైంది. పట్టణంలోని ఒక వైద్యుడు ఎక్స్‌రే తీయించి, కుడివైపు నీరు చేరిందని సూదితో తీసి, క్షయకు మాత్రలు వ్రాసి ఇచ్చారు. పాత ఆపరేషన్ సంగతి ఆయన అడగలేదు; ఎప్పటి మాటో గదా అని మేమూ చెప్పలేదు. నెల తిరగకుండానే నీరు మళ్లీ చేరింది. మళ్లీ తీశారు. ఈ విధంగా నాలుగు నెలలు గడిచిపోయాయి.

నిజానికి ఆ నీరు ఊపిరితిత్తి లోపల ఉండదు. ఊపిరితిత్తిని కప్పుతూ ప్లూరా అనే పలుచని త్వచం రెండు పొరలుగా ఉంటుంది. లోపలి పొర ఊపిరితిత్తిని, వెలుపలి పొర ఛాతీ గోడను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆరోగ్యవంతునిలో వాటి నడుమ ఉండే ద్రవం రెండు మూడు చెంచాలకు మించదు. అది బండి ఇరుసుకు కందెన వంటిది. ఒకవైపు ఊరుతూ, మరొకవైపు వెలుపలి పొరలోని శోషరస నాళాల ద్వారా పోతూ ఉంటుంది. కాన్సర్ కణాలు ప్లూరాపై నాటుకొన్నప్పుడు సూక్ష్మ రక్తనాళాల నుండి ఊట అధికమవుతుంది. శోషరస మార్గాలు పూడుకొనిపోతాయి. ఊట పెరిగి, తూము మూతపడిన చెరువు గతి ఏమవుతుందో ఛాతీ గతి కూడ అదే అవుతుంది. ఇట్టి నీటికి ఎక్కువగా మూలమయ్యేవి ఊపిరితిత్తుల కాన్సర్, రొమ్ము కాన్సర్, లింఫోమా. ఊపిరితిత్తుల కాన్సర్‌లో ఈ నీటిలో కాన్సర్ కణాలు ఉన్నాయని తేలితే వ్యాధి నాలుగవ దశకు చేరినట్లు లెక్క. కావున రోగికి శస్త్రచికిత్సయా, మందులా అనే నిర్ణయమే దీనిపై ఆధారపడి ఉంటుంది.

1895 నవంబరు 8వ తేదీన రాంట్‌జెన్ కనుగొన్న కిరణాలే నేటికీ మొదటి మెట్టు. ఎక్స్‌రే చిత్రంలో గాలి నల్లగాను, నీరు తెల్లగాను కనబడతాయి. నిలబడి తీయించుకొన్న చిత్రంలో ప్రక్కటెముకలు, డయాఫ్రం కలిసే మూల కత్తిమొన వలె పదునుగా ఉండాలి. సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరినప్పుడు ఆ మూల మొద్దుబారుతుంది. ప్రక్కనుండి తీస్తే 50 మిల్లీలీటర్లు కూడ తెలియవచ్చును. కాని నీరైనా, చీమైనా, నెత్తురైనా ఎక్స్‌రేకు ఒకే తెలుపు. ఒక్క సూచన మాత్రం ఉన్నది. ఒక ప్రక్క అంతా తెల్లబడినా గుండె రెండవ ప్రక్కకు నెట్టబడకపోతే, గడ్డ ఏదో శ్వాసనాళపు శాఖను మూసివేయగా ఊపిరితిత్తి ముడుచుకొన్నదేమోనని వైద్యులు శంకిస్తారు.

అల్ట్రాసౌండ్ సంగతి విచిత్రమైనది. గాలితో నిండిన ఊపిరితిత్తి ధ్వనితరంగాలను లోపలికి పోనీయదు. నీరు పోనిస్తుంది. అనగా రోగమే వైద్యునికి కిటికీ తెరుస్తుంది! ఎక్స్‌రేకు అందని కొద్దిపాటి నీరు దీనికి అందుతుంది. ప్లూరా 1 సెంటీమీటరు కంటె మందంగా ఉన్నా, డయాఫ్రం 7 మిల్లీమీటర్లు మించినా, వాటిపై బుడిపెలు కనబడినా కాన్సర్ అనుమానం బలపడుతుంది. ఈ యంత్రాన్ని రోగి మంచం వద్దకే తీసుకొనిపోవచ్చును. కిరణాల బాధ లేదు. సూది ఎక్కడ గుచ్చాలో చూపుతుంది కాబట్టి ఊపిరితిత్తికి గాయమయ్యే ప్రమాదం కూడ తగ్గుతుంది.

సి.టి. స్కాన్ ఛాతీని పలుచని ముక్కలుగా కోసినట్లు చూపుతుంది. నీరంతా తీసివేయక పూర్వమే దీనిని తీయించడం మేలు. నీరున్నప్పుడే ప్లూరాపై గల వికారాలు బాగుగా విడివడి కనబడతాయి. 1990లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశీలనలో 74 మంది రోగుల స్కాన్లను పోల్చి చూశారు. ప్లూరా ఊపిరితిత్తి చుట్టూ ఉంగరం వలె దళసరి కావడం కాన్సర్ లేనివారిలో ఒక్కరికీ కనబడలేదు. అయితే కాన్సర్ ఉన్నవారిలో కూడ నూటికి 41 మందిలోనే అది కనబడింది. లక్షణం ఉంటే అనుమానం గట్టిది. లేదని చెప్పి రోగం లేదనుకోవడానికి వీలులేదు. పెట్ స్కాన్‌కు ఖర్చు ఎక్కువ. పైగా క్షయ సోకిన ప్లూరా కూడ అందులో కాన్సర్ వలెనే వెలుగుతుంది. మన దేశంలో ఇది చిన్న చిక్కు కాదు.

ఇన్ని చూచినా తుది సాక్ష్యం కణానిదే. తీసిన నీటిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తే, కాన్సర్ ఉన్నవారిలో నూటికి దాదాపు 60 మందిలో కణాలు దొరుకుతాయి. దొరకనప్పుడు ప్లూరా ముక్కను తీయవలసి వస్తుంది. 2003లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధనలో, చూడకుండా సూదితో ముక్క తీసినప్పుడు నూటికి 47 కాన్సర్లు పట్టుబడగా, సి.టి. చూస్తూ తీసినప్పుడు 87 పట్టుబడ్డాయి. నా దృష్టిలో చిత్రణ చేసే అసలు మేలు ఇదే. అది తీర్పు చెప్పదు, సూదికి దారి చూపుతుంది.

మా మేనత్తను చివరకు నగరానికి తీసుకొనిపోయాము. అల్ట్రాసౌండ్ చేస్తున్న వైద్యురాలు తెరపై చూపు నిలిపి, "అమ్మా, మీకు పూర్వం ఆపరేషన్ ఏదైనా జరిగిందా?" అని అడిగింది. "జరిగింది తల్లీ, ఆరేళ్లయింది" అన్నది అత్తయ్య. డయాఫ్రం మీద బుడిపెలు ఉన్నాయి. మొదటిసారి పంపిన నీటిలో కణాలు దొరకలేదు. స్కాన్ చూస్తూ తీసిన ముక్కలో దొరికాయి. క్షయ మాత్రలు ఆపించి, కాన్సర్‌కు మందులు మొదలుపెట్టారు. ఆ తరువాత ఆమె రెండేళ్లకు పైగా మా మధ్య ఉన్నది.

ఆమె పోయిన తరువాత పాత కాగితాలు సర్దుతుండగా పట్టణంలో తీసిన మొదటి ఎక్స్‌రే నా చేతికి వచ్చింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూశాను. కుడివైపు క్రింద తెల్లని నీరు సరే. ఆ వైపున ప్రక్కటెముకలకు వెలుపలగా రొమ్ము నీడ పలుచగా కనబడుతున్నది. ఎడమవైపు ఆ నీడ లేదు.